ఇంటి రౌటర్: పోటీ పరీక్షల బిట్లలో తరచూ తారుమారయ్యే అంశాలు

వై-ఫై ప్రమాణాల కుటుంబం పేరు ఐఈఈఈ 802.11. ఇందులో ఏసీ అంటే వై-ఫై 5, ఏఎక్స్ అంటే వై-ఫై 6, బీఈ అంటే వై-ఫై 7. ‘జతపరచండి’ ప్రశ్నలకు ఇదే ముడిసరుకు.

డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది; 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, పరిధి తక్కువ. మా హాల్లో పరుగులు తీసే 5, వంటగది గోడ దగ్గరే చతికిలబడుతుంది. అభ్యర్థులు బోల్తాపడేదీ ఇక్కడే.

వై-ఫై భద్రతలో 1990ల నాటి డబ్ల్యూఈపీ ప్రమాణానికి కాలం చెల్లింది. రౌటర్‌లో 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉందేమో చూడాలి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ చాలు.

లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే, 300 ప్లాన్ తీసుకున్నా కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌కు అందేది వందలోపే.