సైకిలు వెనుక పళ్ళ చక్రము వదులైనచో చేయవలసిన పనులు

పాల కేంద్రమునకు క్యాన్లు, సంతకు కూరగాయలు, పొలమునకు విత్తనములు చేరవేయుటకు పాత సైకిలు నేటికీ అనేకమందికి ఆధారముగా నున్నది. ఇట్టి సైకిలు వెనుక పళ్ళ చక్రము ఊగులాడుచున్నను, గొలుసు మాటిమాటికి జారుచున్నను ఉపేక్షింపరాదు. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు పెడలు ఒక్కసారిగా పట్టు తప్పినచో మనిషి ముందుకు పడును. అట్లని వెంటనే క్రొత్త ఫ్రీవీలు కొనుటయు తెలివి కాదు. లోపము ఫ్రీవీలులో గాక హబ్బులోనో, ఇరుసులోనో యుండవచ్చును. ముందు లోపమున్న చోటు తెలిసికొని, పిమ్మట చేయి పెట్టవలెను.

భాగములు – వాని పని

వెనుక చక్రము నడుమ నుండునది హబ్బు. దాని లోపల ఇరుసు, ఇరుసుకు రెండు ప్రక్కల కోనులు, గోళీలు ఉండును. హబ్బు కుడి ప్రక్కన గల మరపై ఫ్రీవీలు బిగింపబడి యుండును. ఫ్రీవీలులో రెండు వరుసలు కలవు: హబ్బును పట్టుకొనియుండు లోపలి భాగము, పళ్ళుగల వెలుపలి కడియము. ఈ రెంటి నడుమ సన్నని గోళీలు, స్ప్రింగుతో లేచు చిన్న నాలుకలు ఉండును. త్రొక్కునప్పుడు నాలుకలు పట్టుకొనును. త్రొక్కుట మానినప్పుడు టకటకమని జారును.

60 కిలోల మనిషి పెడలుపై పూర్తిగా నిలబడినచో, 48 పళ్ళ ముందు చక్రముగల సైకిలులో గొలుసుపై సుమారు 100 కిలోల లాగుడు పడును. ఆ లాగుడంతయు ఫ్రీవీలు మరయు, నాలుకలును భరింపవలెను. అందుచే వీనిలో వదులు చిన్నదైనను త్వరలో పెద్దదగును.

పరీక్షించు విధము

సైకిలును స్టాండుపై నిలిపి, ఇరుసు నట్లు రెండును బిగువుగా నున్నవో లేవో మొదట చూడుడు. పిమ్మట గొలుసును తప్పించి ఈ వరుసలో పరీక్షింపుడు.

1. రిమ్మును పట్టుకొని కుడి ఎడమలకు ఊపుడు. రిమ్ము కదలి టిక్కుమని చప్పుడైనచో హబ్బు కోనులు వదులైనవి. చక్రమే ఊగునప్పుడు పళ్ళ కడియము కూడ ఊగుట సహజము. ఫ్రీవీలు జోలికి పోనక్కరలేదు.

2. రిమ్ము కదలనిచో పళ్ళ కడియమును రెండు వ్రేళ్ళతో పట్టి ఊపుడు. లోపలి భాగము నిలిచియుండి కడియము మాత్రమే ఊగినచో లోపము ఫ్రీవీలు గోళీల వద్ద నున్నది. కొద్దిపాటి ఊగు క్రొత్తదానిలోను ఉండును. అది దోషము కాదు. గొలుసు ప్రక్కకు జారునంత ఊగినప్పుడే సవరింపవలెను.

3. ఫ్రీవీలు లోపలి భాగము మీదుగా హబ్బు వరకు సుద్దతో ఒక గీత గీయుడు. గొలుసు తగిలించి, వెనుక బ్రేకు గట్టిగా పట్టి, పెడలును నొక్కుడు. గీత కొంచెము జరిగి ఆగిపోయినచో ఫ్రీవీలు బిగువు చాలలేదు; త్రొక్కుడుతోనే బిగిసినది. నొక్కిన ప్రతిసారి గీత జరుగుచునే యున్నచో మర అరిగిపోయినది. అట్టి సైకిలుపై బరువు వేయరాదు.

4. గీత జరగకయే పెడలు తటాలున జారినచో నాలుకలు అంటుకొనియుండును, లేదా పళ్ళు అరిగియుండును.

సవరించు విధము

హబ్బు వదులైనచో: గొలుసు లేని ఎడమ ప్రక్క ఇరుసు నట్టును, లోపలి నట్టును వదులు చేసి, సన్నపాటి పానాతో కోనును కొంచెము కొంచెముగా బిగింపుడు. రిమ్ము ఊగరాదు, చక్రము బిగియరాదు. గొలుసు తీసియుంచి, ట్యూబు వాల్వు ఉన్న చోటును ప్రక్కకు తెచ్చి వదిలినచో అది తనంత తానే క్రిందికి దిగవలెను. ఎంత సరిచేసినను వదులు మరల వచ్చుచున్నచో ఇరుసును తీసి చదునైన బండపై దొర్లించి చూడుడు. ఎగిరిపడినచో అది వంగినది. సుత్తితో సాగగొట్టక మార్చవలెను.

ఫ్రీవీలు ఊగినచో: దాని ముఖముపై రెండు చిన్న రంధ్రములుగల మూత యుండును. చాలా రకములలో దీని మర ఎదురు మర. కనుక ఎడమకు త్రిప్పినచో బిగియును, కుడికి త్రిప్పినచో ఊడును. ఈ సంగతి తెలియక మూతను పాడుచేసికొనువారు కలరు. ముందు మూతను బిగించి చూడుడు. అప్పటికిని ఊగినచో, చక్రమును పళ్ళెములో గుడ్డ పరచి పడుకోబెట్టి మూత తీయుడు. దాని క్రింద పలుచని రేకు వాషర్లు ఉన్నచో ఒకటి తీసి మూతను మరల బిగింపుడు. కడియము తేలికగా తిరుగవలెను. పట్టుకొనినచో వాషరును మరల పెట్టవలెను. కడియమును పైకి లేపరాదు, గోళీలన్నియు రాలిపోవును.

నాలుకలు అంటుకొన్నచో: కిరసనాయిలుతో మురికి పోవువరకు కడిగి, ఆరిన పిమ్మట పలుచని మిషను నూనె నాలుగైదు చుక్కలు వేయుడు. ఫ్రీవీలులో చిక్కని గ్రీజు పెట్టరాదు. నాలుకలు అంటుకొనుటకు అదియే ముఖ్య కారణము.

మర అరిగినచో: ఫ్రీవీలును తీయించి రెండు మరలను చూడుడు. ఫ్రీవీలు మర మాత్రమే అరిగినచో ఫ్రీవీలు మార్చిన చాలును. హబ్బు మర పోయినచో హబ్బును మార్చి చువ్వలు మరల అల్లించవలెను. మర సందులో నూలు చుట్టుట, రేకు పెట్టుట కొద్ది దినముల ముచ్చటయే. వెల్డింగు చేయించినచో ఫ్రీవీలు మరల ఊడిరాదు. ఒకటి చెడిన రెండును పోవును. క్రొత్త ఫ్రీవీలు బిగించునప్పుడు మరకు గ్రీజు రాచి, మొదటి చుట్లు చేతితోనే త్రిప్పవలెను. అడ్డముగా ఎక్కినట్లు తోచిన వెంటనే వెనుకకు త్రిప్పి మరల మొదలుపెట్టుడు.

గొలుసును కూడ చూడుడు

క్రొత్త గొలుసులో 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళములు. స్కేలుతో కొలిచినప్పుడు అది 12 1/8 అంగుళములకు సాగియున్నచో గొలుసును మార్చవలెను. పళ్ళు కొక్కెములవలె వంగియున్నచో ఫ్రీవీలును కూడ దానితోపాటే మార్చుడు. అరిగిన పళ్ళపై క్రొత్త గొలుసు నిలువదు. అరిగిన గొలుసు క్రొత్త పళ్ళను త్వరగా తినివేయును.

జాగ్రత్తలు

గొలుసు నడుమ అర అంగుళము నుండి ముప్పావు అంగుళము వరకు ఊగు ఉండవలెను. మరీ బిగించినచో గోళీలు, కోనులు అరుగును. పాల క్యాన్లను రెండు ప్రక్కల సమముగా వ్రేలాడదీయవలెను. బురదలోను, వరద నీటిలోను నడిపిన దినముననే తుడిచి నూనె వేయవలెను. నెలకొకమారు రిమ్మును, పళ్ళ కడియమును ఊపి చూచుట అలవాటు చేసికొనుడు. ఈ పనికి రెండు నిమిషములు చాలును. దానివలన దారిలో పాలు విరిగిపోవు నష్టమును, క్రిందపడి దెబ్బలు తగులు అపాయమును తప్పించుకొనవచ్చును.