కారు బేరం వేరు, అప్పు బేరం వేరు

అల్లవరం వాళ్లు కొత్త కారు కొనాలంటే ఊరు దాటక తప్పదు. దగ్గర్లో అమలాపురం ఉంది. నాలుగు కంపెనీలు పోల్చి చూడాలంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ, లేదా రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లాలి. ఇంటిల్లిపాదీ ఒక రోజు పని మానుకుని బయల్దేరతారు. అమ్మేవాళ్లకు మొదటి బలం ఆ ప్రయాణమే. ఇంత దూరం వచ్చాం, పిల్లలు అప్పుడే కారెక్కి కూర్చున్నారు, ఉత్త చేతులతో తిరిగి వెళ్లడమా అని మనలో మనమే అనుకుంటాం.

షోరూము బల్ల దగ్గర నిజానికి ఐదు బేరాలు జరుగుతాయి: కారు ధర, పాత బండి ఎక్స్‌ఛేంజి, లోను, ఇన్సూరెన్సు, యాక్సెసరీస్. ఐదింటినీ ఒక్క అంకెలో కలిపేస్తే ఒకచోట తగ్గించింది ఇంకోచోట రాబట్టుకోవచ్చు. వాటిని విడదీసి, ఒక్కోదాన్ని వేరువేరు రోజుల్లో తేల్చుకోవడమే కొనేవాడి పని. అక్కడ మనతో మాట్లాడే కుర్రాడు శత్రువేమీ కాదు. అతనూ మన చుట్టుపక్కల ఊరివాడే అయ్యుంటాడు, నెలాఖరుకి ఇన్ని బళ్లు అమ్మాలని టార్గెట్ మోస్తుంటాడు. మర్యాదగా మాట్లాడుతూనే గట్టిగా ఉండొచ్చు.

ఇంట్లో మొదలు

జీతగాళ్ల లెక్క తేలిక. మన దగ్గర చాలా ఇళ్లకు డబ్బు నెలనెలా రాదు. కొబ్బరి దింపుకీ దింపుకీ మధ్య నెలన్నర, రెండు నెలలు పడుతుంది. రొయ్యల చెరువైతే పట్టుబడి అయ్యేదాకా మూడు నాలుగు నెలలు మేతకీ కరెంటుకీ పెట్టడమే ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు అక్కడి జీతాన్ని బట్టి ఆలస్యమవుతుంది. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీన ఖాతాలోంచి పోతుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే మన బ్యాంకూ, అప్పిచ్చిన సంస్థా రెండూ ఛార్జీ వేస్తాయి, క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. అందుకే ఈఎంఐ ఎంత భరించగలమో మంచి నెలను చూసి కాదు, దింపు లేని నెలను చూసి నిర్ణయించుకోవాలి. మూడు నెలల ఈఎంఐ డబ్బు ఎప్పుడూ ఖాతాలో కదలకుండా ఉండేలా చూసుకున్నాకే డౌన్ పేమెంటు ఎంతో తేల్చుకోవాలి. పెట్రోలు, సర్వీసు, ఏటా ఇన్సూరెన్సు దీనికి అదనం.

కారు చూడకముందే బ్యాంకుకి

ఈ వరసను తిప్పి చేయడం వల్లే ఎక్కువమంది నష్టపోతారు. కారు నచ్చాక లోను కోసం వెతికితే షోరూములో కూర్చున్న ఫైనాన్సు మనిషి చెప్పిందే వినాలి. ముందుగా మన ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచికి వెళ్లి, ఎంత ఇస్తారు, ఏ వడ్డీకి, ప్రాసెసింగు ఫీజు ఎంత అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఐటీ రిటర్నులు లేని రైతుకు బ్యాంకులు కారు లోను ఇవ్వవని ఊళ్లలో ఒక నమ్మకం. కానీ వ్యవసాయం, అనుబంధ పనుల ఆదాయం చూసి కారు లోను ఇచ్చే పద్ధతి స్టేట్ బ్యాంకులోనే ఉంది. పాస్‌బుక్కు, పొలం కాగితాలు పట్టుకెళ్లి అడగాలి.

వెళ్లేముందు క్రెడిట్ రిపోర్టు తీసుకోండి. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. షోరూములో "ఊరికే ఎలిజిబిలిటీ చూద్దామండి" అని పాన్, ఆధార్ తీసుకుని ఒకేసారి నాలుగైదు ఫైనాన్సు కంపెనీలకు పంపితే, ఆ విచారణలన్నీ మన రిపోర్టులో నమోదై స్కోరు తగ్గొచ్చు. ఏ సంస్థకు పంపుతున్నారో అడగకుండా ఓటీపీ చెప్పకండి.

ఇక వడ్డీ లెక్క. దీన్ని కాగితం మీద ఒక్కసారి వేసి చూస్తే చాలు, జీవితాంతం పనికొస్తుంది. 6 లక్షల అప్పు, ఐదేళ్లు. బ్యాంకు 9 శాతం అంటే, తీరిన అసలు పోగా మిగిలిన బాకీ మీదే వడ్డీ పడుతుంది. ఈఎంఐ దాదాపు 12,455 రూపాయలు. ఇంకొకరు "మాది ఏడు శాతమేనండి" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే, ఐదేళ్లూ మొదటి 6 లక్షల మీదే లెక్కగడతారు: ఏడాదికి 42 వేలు, ఐదేళ్లకు 2,10,000. ఈఎంఐ 13,500. బ్యాంకు పద్ధతిలో చూస్తే ఇది దాదాపు 12.5 శాతం వడ్డీ. వినడానికి రెండు శాతం తక్కువ, కట్టడానికి 62 వేలకు పైగా ఎక్కువ. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అన్న ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోవద్దు.

ఈఎంఐ తగ్గించి చూపడం ఇంకో దారి. అదే 6 లక్షలు, అదే 9 శాతం, ఏడేళ్లకు సాగదీస్తే ఈఎంఐ దాదాపు 9,653కి దిగుతుంది. చేతికి తేలిగ్గా ఉంటుంది. మొత్తం వడ్డీ మాత్రం సుమారు 1,47,000 నుంచి 2,11,000కి పెరుగుతుంది. ఏడో ఏటికి కారు పాతబడి రిపేర్లు మొదలవుతాయి, వాయిదాలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఐదేళ్ల ఈఎంఐ మోయలేమనిపిస్తే కారు ఒక మెట్టు చిన్నది చూసుకోవాలనే నా అభిప్రాయం.

షోరూములో

మొదటిసారి వెళ్లినప్పుడు చెక్కుబుక్కు, ఆధార్ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. చూడటానికీ, నడపడానికీ, కొటేషన్ తీసుకోవడానికే ఆ రోజు. టెస్ట్ డ్రైవ్ బైపాస్ రోడ్డు మీద ఇస్తారు, అక్కడ ప్రతి కారూ బాగానే పోతుంది. మన కారు తిరగాల్సింది పంట కాలువ గట్ల మీద. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే పక్కకు దిగి మళ్లీ ఎక్కాలి. అలాంటి దారిలో నడిపి చూస్తామని అడగండి.

కొటేషన్‌లో ప్రతి పద్దూ విడివిడిగా ఉండాలి: ఎక్స్-షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సెసరీస్. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది మన పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసి సర్దుబాటో వాపసో పొందొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిల్ కార్ల మీద జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్లకు మించని పొడవుతో 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు 18 శాతం, అంతకు పెద్దవాటికి 40, ఎలక్ట్రిక్ కార్లకు ఎప్పటిలాగే 5. ఈ తగ్గుదల ప్రభుత్వం ఇచ్చింది, దాన్ని తమ డిస్కౌంటు కింద చూపితే ఒప్పుకోవద్దు. "హ్యాండ్లింగ్", "లాజిస్టిక్స్" పేర్లతో పద్దు కనిపిస్తే ఏ నిబంధన కింద అని రాసివ్వమని అడగండి. చాలాసార్లు ఆ గీత అక్కడికక్కడే కొట్టేస్తారు. నంబరు ప్లేటుకి వేరే డబ్బు అడిగినా ఇంతే. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్లకు హై సెక్యూరిటీ ప్లేటు ఖర్చు కారు ధరలోనే ఉంటుంది.

తగ్గింపు కోసం ఒకే కంపెనీకి చెందిన ఇద్దరు డీలర్ల దగ్గర కొటేషన్ తీసుకోవడం మంచిది. ఇలాంటి పోటీ మీదే పెద్ద తగాదా నడిచింది. తాను నిర్ణయించిన దానికి మించి డీలర్లు డిస్కౌంటు ఇవ్వకుండా మారుతీ సుజుకీ కట్టడి చేసిందని, కొనేవాళ్లలా మారువేషంలో మనుషుల్ని పంపి పరీక్షించిందని తేల్చి, కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో ఆ కంపెనీకి 200 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకి వెళ్లింది. డిస్కౌంటు విషయంలో షోరూములవాళ్లు కాగితం మీద పెట్టడానికి ఎందుకు వెనకాడతారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అయినా నోటిమాటను నమ్ముకోకండి.

అసలు ఒత్తిడి కొటేషన్ చేతికొచ్చాక మొదలవుతుంది. "ఈ రేటు ఇయ్యాళేనండి బాబాయిగారూ, రేపొచ్చి అడిగితే నా చేతుల్లో ఉండదండి." "ఈ రంగులో ఇదొక్కటే ఉందండి, ఇంకో పార్టీ సాయంత్రం వస్తానన్నారండి." అన్నిటికంటే గట్టిగా పనిచేసేది ముహూర్తం: "ఎల్లుండి దాటితే ఆషాఢం వచ్చేత్తాదండి, పిన్నిగారికి ఇష్టం ఉండదు కదండీ." ఆషాఢంలోనే షోరూములు ఖాళీగా ఉంటాయి, తగ్గింపులూ ఎక్కువ ఇస్తారు. బుకింగు ఆషాఢంలో తేల్చుకుని డెలివరీ శ్రావణంలో తీసుకుంటే సంప్రదాయమూ దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. డిసెంబరు ఆఖరు, నెలాఖరు కూడా బేరానికి అనువైన రోజులే. అయితే డిసెంబరులో కొన్న కారు జనవరికి ఒక ఏడాది పాతదవుతుంది, అమ్మేటప్పుడు ఆ తేడా కనిపిస్తుంది.

మేనేజరుగారిని అడిగొస్తానని లోపలికి వెళ్లి అరగంట తర్వాత వచ్చి, "మీకోసం పోట్లాడి ఇంకో ఐదు వేలు తగ్గించానండి, టోకెన్ కట్టెయ్యండి" అంటాడు. ఆ అరగంట మనం అలసిపోవడానికే. చెప్పాల్సిన మాట ఒక్కటే: "బాబూ, ఈ కాగితం మీద సంతకం, స్టాంపు వేసివ్వు. ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాను." అలా రాసివ్వలేని ధరను ధరగా లెక్కపెట్టొద్దు.

పాత బండి ఉంటే దాని ధర ముందుగా అమలాపురంలోనో రావులపాలెంలోనో బయట అడిగి తెలుసుకోండి. కొత్త కారు ధర ఖరారయ్యేదాకా ఎక్స్‌ఛేంజి సంగతి ఎత్తొద్దు.

ఫైనాన్సు బల్ల

డీలరు ద్వారా లోను తీసుకుంటే అప్పిచ్చే సంస్థ నుంచి డీలరుకి కమీషన్ ముడుతుంది. బ్రిటన్‌లో వడ్డీ ఎంత పెంచితే డీలరుకి అంత కమీషన్ వచ్చే ఒప్పందాలు నడిచేవి, 2021 జనవరి 28 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ వాటిని నిషేధించింది. అందుకని డీలరు లోను ఎప్పుడూ చెడ్డదని కాదు. కొన్నిసార్లు కంపెనీ పథకం వల్ల బ్యాంకు కంటే తక్కువకే దొరుకుతుంది. చేతిలో బ్యాంకు కాగితం ఉంటే పోల్చడం తేలిక.

పోల్చడానికి మంచి సాధనం కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే ప్రతి వాయిదా లోనుకీ ఇది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. వడ్డీతో పాటు ప్రాసెసింగు ఫీజు, లోనుతో అంటగట్టే ఇన్సూరెన్సు వంటివన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో, అంటే ఏపీఆర్ ఎంతో చెప్పాలి. అందులో లేని ఛార్జీని మన స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. ఇంకా ముఖ్యమైనది: సంతకానికి కనీసం మూడు పనిదినాల గడువివ్వాలి, ఆలోగా మనం ఒప్పుకుంటే అవే షరతులకు వాళ్లు కట్టుబడాలి. కాబట్టి లోను విషయంలో "ఇయ్యాళే" అన్న మాట చెల్లదు. రెండు సంస్థల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి ఏపీఆర్ చూడండి.

"జీరో పర్సెంట్" అంటే వడ్డీ ఇంకో రూపంలో ఉన్నట్టే. ఒక్క మాట అడగండి: "మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు?" ఆ తగ్గింపు పోగొట్టుకోవడమే వడ్డీ. ముందుగా తీర్చేస్తే ఛార్జీ ఎంతో కూడా చూడండి. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ వడ్డీ సొంత అవసరాల లోన్లకు ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉండకూడదు, ఫిక్స్‌డ్ వడ్డీకి ఆ రక్షణ లేదు. మంచి పట్టుబడి వచ్చినప్పుడు అసలు తగ్గించుకుందామనుకునే చెరువు రైతుకి ఇది పెద్ద తేడా.

సంతకం పెట్టేముందు ఖాళీ గళ్లున్న ఫారం ఒక్కటి కూడా వదలకండి.

ఇన్సూరెన్సు, సామాన్లు

2018 సెప్టెంబరు 1 నుంచి, సుప్రీంకోర్టు ఆదేశంతో, కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు 6,521, 1500 సీసీ లోపు 10,640, ఆపైన 24,596 రూపాయలు, పన్ను అదనం. ఇందులో బేరం లేదు. బేరమంతా కారు సొంత నష్టానికి కట్టే భాగంలోనే. షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. అవే కవర్లకు బయట కొటేషన్ తీసుకుని చూపిస్తే చాలాసార్లు వాళ్లే దిగుతారు. ఒక్క అదనపు కవర్ మాత్రం మన ప్రాంతంలో తీసుకోమనే చెబుతాను: ఇంజిన్ ప్రొటెక్ట్. నీరు చేరి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్లకు, ఏటా గోదావరి వరద చూసే లంకలకు ఇది అనవసర ఖర్చు కాదు.

ఓడలరేవు, కొమరగిరిపట్నం వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అండర్‌బాడీ కోటింగ్ ఆలోచించదగ్గదే, కానీ ధర బయట కూడా అడగండి. సీటు కవర్లు, టెఫ్లాన్ పూతలు తర్వాతైనా వేయించుకోవచ్చు. "ఈ కిట్ తీసుకుంటేనే బండి తొందరగా ఇస్తాం" అనడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వాణిజ్య పద్ధతి. ఆ మాట వాట్సాప్‌లో పెట్టమని అడగండి.

బుకింగు నుంచి డెలివరీ దాకా

డబ్బు డీలరు సంస్థ ఖాతాకే వెళ్లాలి. సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకి వెయ్యి రూపాయలు కూడా వేయొద్దు. రొయ్యల డబ్బు చేతిలో ఉందని నోట్లు తీసుకెళ్లొద్దు, ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. రసీదులో వేరియంట్, రంగు, ఒప్పుకున్న తగ్గింపు, డెలివరీ తేదీ, రద్దు చేసుకుంటే ఎంత వాపసు ఇస్తారో ఉండాలి.

మిగతా సొమ్ము కట్టకముందే, రిజిస్ట్రేషన్ కాకముందే కారు చూడాలి, అదీ పగటి వెలుతురులో. ఛాసిస్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, పెయింటు, అద్దాలు, టైర్ల మీద నాలుగంకెల తయారీ కోడ్ చూడండి. 1225 అని ఉంటే 2025లో పన్నెండో వారం. కారు తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో ఉంటాయి. నిరుడు తయారై యార్డులో ఎండిన బండి అయితే అదనపు తగ్గింపు అడిగే హక్కుంది, వద్దనే హక్కూ ఉంది. తాత్కాలికమో శాశ్వతమో రిజిస్ట్రేషన్ లేకుండా డీలరు బండి అప్పగించకూడదు. ముహూర్తం మించిపోతోందని రిజిస్ట్రేషన్ లేని కారుతో అయినవిల్లి వినాయకుడి గుడికి పూజకి బయల్దేరకండి.

మాట తప్పితే మొదట డీలరుకీ కంపెనీకీ రాతలో ఫిర్యాదు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. లోను సంస్థ 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448. ఇన్సూరెన్సు గొడవకి 155255. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.

ఆఖరి వాయిదా కట్టాక ఇంకో పని మిగిలే ఉంటుంది. ఆర్‌సీ మీద అప్పిచ్చిన సంస్థ పేరు దానంతటది పోదు. నిరభ్యంతర పత్రం, సంతకాలతో ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో హైపోథికేషన్ కొట్టేయించాలి, ఇన్సూరెన్సు పాలసీలోనూ ఆ పేరు తీయించాలి.