పేను ఆయుష్షు 30 రోజులు.. మరి తలలో పేలు ఏళ్ల తరబడి ఎందుకుంటాయి?

ఈసారి మిరప గురించి కాదు, పిల్లల తలలో పేల గురించి రాస్తున్నాను. నవ్వకండి. పోయిన నెల మా ఇంట్లో జరిగింది చెబితే ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది.

మా పాప రెండో తరగతి. ఊరికే తల గోక్కుంటోందని మా ఆవిడ చూస్తే పేలు. ఆదివారం కొబ్బరినూనె పట్టించి, పేల దువ్వెనతో రెండు గంటలు కూర్చుని దువ్వింది. ఇక ఒక్కటి కూడా లేదనుకున్నాం. పది రోజులకి మళ్లీ అదే గోకుడు. పక్కింటి పెద్దాయన వచ్చి, "ఏముందిరా అబ్బాయ్, పత్తికి కొట్టే మందు రెండు చుక్కలు నూనెలో కలిపి రాయి, తెల్లారేసరికి ఒక్కటి మిగలదు" అన్నాడు. ఇటు మా అమ్మ సీతాఫలం గింజలు నూరడానికి రోలు కడుగుతోంది. ఊరూరా తిరిగి పురుగు జీవితచక్రం గురించి చెప్పేవాణ్ణి నేను. నా కూతురి తల దగ్గరికి వచ్చేసరికి ఆ చక్రమే మర్చిపోయాను.

కాబట్టి మొదట్నుంచీ చూద్దాం. ఆడ పేను గుడ్డుని వెంట్రుకకి, తల చర్మానికి బాగా దగ్గరగా, అంటే 6 మిల్లీమీటర్ల లోపే అంటిస్తుంది. గుడ్డు పొదగడానికి మన తల వేడి కావాలి, అందుకే అంత దగ్గర. వీటినే మనం ఈపులు అంటాం, కొన్ని చోట్ల ఈర్లు అంటారు. పేను వదిలే జిగురు గట్టిపడి వెంట్రుక చుట్టూ గొట్టంలా పట్టేస్తుంది. చుండ్రు అయితే చేత్తో దులిపితే రాలుతుంది, ఈపి రాలదు. గుడ్డు 6 నుంచి 9 రోజుల్లో పగులుతుంది. వచ్చిన పిల్ల మూడుసార్లు కుబుసం విడిచి, ఇంకో వారం పది రోజుల్లో నువ్వుగింజంత పెద్ద పేను అవుతుంది. మధ్యలో పచ్చపురుగుకి ఉన్నట్టు ప్యూపా దశ ఉండదు. పిల్ల అయినా పెద్దదైనా తాగేది రక్తమే, అదీ రోజుకి చాలాసార్లు. జత కట్టిన ఆడ పేను రోజుకి 8 దాకా గుడ్లు పెడుతుంది. తల మీద 30 రోజుల దాకా బతుకుతుంది. అదే తల నుంచి కింద పడితే రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఎగరదు, దూకదు. తలకి తల ఆనితే పాకి వస్తుంది, అంతే.

ఇక్కడ ఒక తమాషా. మన పొలంలో పేనుబంక ఉంది చూశారా, దాని పేరులో పేను ఉంది గానీ చుట్టరికమేమీ లేదు. మన వేడికి పేనుబంక గుడ్లే పెట్టదు, మగదాని అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని పెడుతుంది. దాన్ని తినడానికి అక్షింతల పురుగు ఉంది. తలలో పేనుకి అలాంటి మిత్రపురుగు ఎవరూ లేరు, అమ్మ వేళ్లు తప్ప.

మేం చేసిన తప్పు ఇప్పుడు చూడండి. ఆ ఆదివారం దువ్వెనకి వచ్చినవి తిరిగే పేలు. ఈపులు అక్కడే ఉన్నాయి. వారానికి అవి పగిలాయి. తెల్లదోమకి ఒక్కసారి కషాయం కొట్టి, ఆకు కింద గుడ్లు వదిలేసి, "మందు పనిచేయలేదండీ" అనే రైతుకి నేనేం చెబుతానో అదే నాకూ వర్తిస్తుంది. ఇంకో సంగతి, మొదటిసారి పేలు పట్టిన పిల్లలకి దురద వెంటనే రాదు. పేను ఉమ్మికి ఒళ్లు తిరగబడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే పాప గోక్కునే రోజుకి తలలో రెండో తరం నడుస్తూ ఉండొచ్చు.

పురుగుమందు సంగతి. దీన్ని మాత్రం గట్టిగానే చెబుతాను. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతాయి. గోకి గోకి పుండ్లు పడిన తల అయితే ఇంకా తొందరగా పోతాయి. వాంతులు, నోట్లో చొంగ, ఆయాసం, ఫిట్స్, ప్రాణమే పోవచ్చు. ఎవరైనా తెలియక రాసి ఉంటే వెంటనే సబ్బునీళ్లతో తల కడిగి, మందు డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. సీతాఫలం గింజల పొడి కూడా వద్దు. దశపర్ణిలో ఆ ఆకు నేనూ వేస్తాను, పొలానికి మంచిదే. కానీ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది, చూపు మసకబారుతుంది. ప్రకృతిదే కదా అని అన్నీ తలకి పనికిరావు. మా అమ్మకి ఇది చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

షాపుల్లో దొరికే పెర్మెత్రిన్ మందు డాక్టరు చెబితే వాడుకోవచ్చు, దానికీ గుడ్లన్నీ చావవు కాబట్టి 9 రోజులకి రెండోసారి రాయాలి. చాలా దేశాల్లో పేలు దానికి అలవాటు పడిపోయాయి కూడా. ఉత్త తలస్నానంతో పని కాదు, పేను ఊపిరి రంధ్రాలు మూసుకుని గంటల తరబడి నీళ్లలో బతుకుతుంది. గుండు కొట్టిస్తే మాత్రం ఖాయంగా పోతాయి. తిరుపతి మొక్కు ఉన్న వాళ్లకి అదొక సుఖం.

మేం చేసింది దువ్వెన పద్ధతి. తడి తలకి నూనె గానీ కండిషనర్ గానీ బాగా పట్టించి, ఇనుప పళ్ల సన్న దువ్వెనతో చర్మం నుంచి కొస దాకా పాయ పాయగా లాగి, ప్రతిసారీ తెల్ల గుడ్డకి తుడవాలి. నూనె పేనుని చంపుతుందని నమ్మకండి, దాన్ని మెల్లగా కదిలేట్టు చేస్తుంది, దువ్వెన జారుతుంది. 1, 5, 9, 13 రోజుల్లో దువ్వి 17వ రోజు పరీక్ష చేయాలి. నాలుగు రోజుల ఎడం ఎందుకంటే, పగిలిన పిల్లకి గుడ్లు పెట్టే వయసు రావడానికి కనీసం వారం కావాలి. ఆలోపే దొరికిపోతుంది. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడాలి. దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికితే చాలు, ఇల్లంతా మందు కొట్టొద్దు. పాయ తీసే తీరు పైన వీడియోలో చూపించాను.

మా పాపకి మొదటి రోజు గుడ్డ మీద 31 లెక్కపెట్టాం. 5వ రోజు 12, 9వ రోజు 6, అన్నీ పిల్లలే. 13న ఒకటి. 17న గుడ్డ తెల్లగా ఉంది. ఈలోగా బడిలో పాప పక్కన కూర్చునే పిల్ల వాళ్లమ్మకి మా ఆవిడ మొహమాటపడుతూనే ఫోన్ చేసింది. ఆవిడ కూడా నెల నుంచి ఇదే తంటా పడుతోందట, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకుందట. ఇప్పుడు వాళ్లింట్లో 9వ రోజు నడుస్తోంది.