మసకబారిన మోటారు దీపములు: వానిని బాగుచేయు విధము

పది పండ్రెండేండ్లు ఎండలో తిరిగిన మోటారు కారు ముందుదీపములను పరిశీలించినచో, అవి క్రొత్తవానివలె నిగనిగలాడక, పసుపు కలిసిన పాలవలె మసకబారి యుండుట కానవచ్చును. ఈ మార్పు ఒక్కనాట వచ్చునది కాదు. దినదినమును కొంచెము కొంచెముగా వచ్చును. కావున కారు నడుపువానికి తన వెలుగు తగ్గినదను సంగతియే తోచదు. తోచినను, బల్బు పాతబడినదని తలచి దానిని మార్చును. దోషము బల్బునందు గాక దాని ముందున్న ప్లాస్టికు మూతయందు కలదు. దాని కారణమును, దానిని ఇంటియొద్దనే బాగుచేయు విధమును ఈ పాఠమున తెలిసికొందము.

గాజు పోయి ప్లాస్టికు వచ్చుట

పూర్వము కార్ల దీపములకు గాజు మూతలుండెడివి. గాజు ఎండకు రంగు మారదు గాని బరువైనది. రాయి తగిలిన పగులును. 1953లో జర్మనీయందు బాయరు కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాయందు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన డేనియల్ ఫాక్స్ అనువారు, ఒకరి పని నొకరు ఎరుగకయే, పాలికార్బొనేటు అను ప్లాస్టికును పరిశ్రమకు పనికివచ్చు రూపమున తయారుచేసిరి. అంతే పరిమాణముగల గాజు బరువులో ఇది సగమునకు మించదు. దెబ్బకు సులభముగా పగులదు. అమెరికా ప్రభుత్వము 1983లో తన నిబంధనలను సవరించి ఇట్టి మూతలకు అనుమతి నొసగెను. తరువాత ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను.

మసకకు కారణము

సూర్యకాంతియందు కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. ఇవి పాలికార్బొనేటు అణువుల బంధములను త్రెంచి, పసుపు రంగుగల క్రొత్త పదార్థములను పుట్టించును. దీనిని నివారించుటకై కర్మాగారమునందే మూతపై పలుచని గట్టి పూత పూయుదురు. ఎండ, దుమ్ము, ఇసుక రేణువులు, ఘాటైన సబ్బులు కలిసి కొన్ని యేండ్లకు ఆ పూతను అరుగదీయును. పూత పోయినచోట ప్లాస్టికు పసుపెక్కి, గరుకై, సన్నని పగుళ్లు వారును. అయితే ఈ చెడుగు పైపొరకు మాత్రమే సంబంధించినది. దాని క్రింది ప్లాస్టికు చెక్కుచెదరక యుండును. బాగుచేయుటకు వీలు కలుగుట ఇందువలననే.

వెలుగు లెక్క

అమెరికాయందలి ఎ.ఎ.ఎ. అను మోటారు వాహనదారుల సంఘము 2018లో ప్రకటించిన పరీక్షలలో, మసకబారిన దీపములు క్రొత్తవాని వెలుగులో సుమారు అయిదవ వంతు మాత్రమే ఇచ్చినట్లును, బాగుచేసిన పిమ్మట 100కు 70 పాళ్లవరకు వెలుగు తిరిగివచ్చినట్లును తేలినది. దీని భావమును గణితముచే గ్రహింపుడు.

దీపమునుండి దూరము పోయినకొలది వెలుగు ఆ దూరముయొక్క వర్గమునకు విలోమానుపాతముగా తగ్గును. క్రొత్త దీపముతో 80 మీటర్ల దూరమున నున్న మనుష్యుడు కనబడుననుకొందము. వెలుగు అయిదవ వంతైనచో, 80ని 5 యొక్క వర్గమూలముచే భాగింపవలయును. సుమారు 36 మీటర్లు వచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకండుకు సుమారు 17 మీటర్లు పోవును. మనుష్యుని చూచి బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకండు పట్టినచో 25 మీటర్లు గడచును. పొడి రోడ్డుపై మంచి బ్రేకులతో కారు నిలుచుటకు మరి 20 మీటర్లు వలయును. మొత్తము 45 మీటర్లు. ముప్పదియారు మీటర్లలో చూచినవాడు నలువదియైదు మీటర్లలో నిలుచు కారును ఏమి చేయగలడు? వెలుగు 70 పాళ్లకు తిరిగివచ్చినచో ఆ మనుష్యుడు సుమారు 67 మీటర్ల దూరముననే కనబడును. ఇది స్థూలమైన లెక్కయే. అయినను చీకటిలో కంబళి కప్పుకొని నడచు వృద్ధుని ప్రాణము, దీపములేని ఎడ్లబండి తోలువాని ప్రాణము ఇట్టి కొలది మీటర్లపై ఆధారపడి యున్నదని మరువరాదు.

కొందరు ఎక్కువ శక్తిగల బల్బు తగిలింతురు. ఇది తగదు. మసక మూత వెలుగును ముందునకు పోనీయక నలుదిక్కుల చిమ్మును. ఎదుట వచ్చువాని కన్నులు మిరుమిట్లు గొనును.

నీటి పరీక్ష

పనికి పూనుకొనక ముందు మూతను కడిగి, దానిపై నీరు పోసి చూడుడు. తడిగా నున్నంతసేపు మసక చాలవరకు తొలగినచో, లోపము పై గరుకుదనమే. నీరు ఆ గుంటలను నింపుటచే కాంతి చెదరక పోవును. తడిసినను మసక మారనిచో లోపలివైపు చెమ్మగాని, లోతైన పగుళ్లుగాని ఉండవచ్చును. అట్టి మూతకు ఈ చికిత్స పనికిరాదు, దీపమునే మార్చవలయును.

చేయు విధానము

1. మూతను సబ్బునీటితో శుభ్రముగా కడిగి, చుట్టునున్న కారు రంగుపై మాస్కింగు టేపు అంటింపవలయును.

2. దుకాణములలో వాటరు పేపరని అమ్ము గరుకు కాగితమును తీసికొనవలయును. అంకె పెరిగినకొలది రేణువులు సన్నవగును. పి 800 కాగితపు రేణువు సుమారు 22 మైక్రానులు. పి 2000 కాగితపు రేణువు సుమారు 10 మైక్రానులు.

3. మూతను, కాగితమును తడిగా నుంచి మొదట 800తో అడ్డముగా రుద్దవలయును. కారు నీరు పసుపుగా నున్నంతకాలము పాతపొర ఇంకను మిగిలియున్నదని తెలియవలయును. నీరు తెల్లబడి, మూత అంతటను ఒకేవిధముగా కనబడువరకు ఆపరాదు.

4. పిమ్మట 1000తో నిలువుగా, 2000తో అడ్డముగా, 3000తో నిలువుగా రుద్దవలయును. ఇట్లు దిక్కు మార్చినచో ముందటి గీతలు పోయినవో లేదో కంటికి తెలియును. నడుమ ఒక కాగితమును విడిచినచో దాని లోటు కడవరకు కనబడును.

5. మెత్తని గుడ్డతో రబ్బింగు కాంపౌండు పూసి తళతళలాడువరకు తుడువవలయును.

6. ఐసోప్రొపైలు ఆల్కహాలుతో జిడ్డును తుడిచి, ఆరిన పిమ్మట, అతినీలలోహిత కిరణములను ఆపు క్లియరుకోటును నీడపట్టున, దుమ్ములేనిచోట పలుచగా రెండుమారులు పూయవలయును. పిచికారి చేయునప్పుడు గాలి వీచుచోట నిలిచి ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును. డబ్బాపై వ్రాసిన కాలమువరకు ఆరనీయవలయును.

ముఖ్యమైన హెచ్చరిక

పై ఆరవ పని అన్నిటికంటె ముఖ్యము. ఏలయన, మనము రుద్దినప్పుడు మసకతోపాటు మిగిలియున్న పాత పూతయును పోవును. మూత ఆనాడు అద్దమువలె మెరసినను, ఎండకు దిగంబరముగా నిలిచినదే యగును. కొలది నెలలలో మునుపటికంటె త్వరగా పసుపెక్కును. పండ్లపేస్టుతో రుద్దిన దీపముల గతి ఇదియే. పేస్టునందలి సన్నని రేణువులు పైకి మెరుగు నిచ్చును గాని కాపుదల నీయవు. థిన్నరు, పెట్రోలు, అసిటోను మూతకు తాకనీయరాదు. ఇవి పాలికార్బొనేటును పగుళ్లు వారజేయును. వెనుక ఎర్రదీపములు సాధారణముగా అక్రిలిక్కుతో చేయబడును. అది ఎండను మేలుగా ఓర్చుకొనును. పై గీతలకు మెరుగుపెట్టుట చాలును.

బాగుచేసిన దీపమును క్లియరుకోటు మరల పాడగుచున్నదేమోయని ఏటేట చూచుకొనవలయును. వీలైనప్పుడు కారును నీడలో నిలుపుట దాని ఆయువును పెంచును.

అభ్యాసము

1. వెలుగు నాలుగవ వంతైనచో, 80 మీటర్ల చూపు ఎన్ని మీటర్లగును?

2. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఒకటిన్నర సెకండులో కారు ఎంత దూరము పోవును? మసకదీపముగల కారును రాత్రివేళ మెల్లగా నడుపవలయునని చెప్పుటకు ఈ జవాబు ఎట్లు తోడ్పడును?

3. మీ యింటివారిదిగాని, ఇరుగుపొరుగువారిదిగాని ఒక వాహనపు దీపములకు నీటి పరీక్ష జరిపి, కనుగొన్న దానిని ఆ వాహనపు యజమానికి తెలుపుడు.