పోటీ పరీక్షల ప్రత్యేకం: అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది రక్షణ

● జాతీయ అగ్నిమాపక సేవా దినోత్సవం: ఏప్రిల్ 14. 1944లో ఇదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికీన్’ నౌక పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారోత్సవాలు: ఏప్రిల్ 14-20.

● అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినోత్సవం: మే 4. నేపథ్యం: 1998లో ఆస్ట్రేలియాలోని లింటన్ కార్చిచ్చులో ఐదుగురు సిబ్బంది మృతి.

● రాజ్యాంగం: 74వ సవరణ, 243డబ్ల్యూ అధికరణ, 12వ షెడ్యూల్. అందులోని 18 అంశాల్లో 7వది అగ్నిమాపక సేవలు.

● జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల: నాగపూర్.

● క్యాన్సర్ ముప్పు: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ప్రధాన కేంద్రం: లియాన్, ఫ్రాన్స్) 2022లో అగ్నిమాపక వృత్తిని గ్రూప్-1 (క్యాన్సర్ కారకం)లో చేర్చింది. అంతకుముందు 2బి. బలమైన ఆధారాలున్నవి: మెసోథెలియోమా, మూత్రాశయ క్యాన్సర్.

● అంటువ్యాధుల (సవరణ) చట్టం-2020: మూల చట్టం 1897. అంటువ్యాధి వేళ పారామెడికల్ సిబ్బంది సహా ఆరోగ్య సేవకులపై దాడి నాన్‌బెయిలబుల్ నేరం. శిక్ష 3 నెలల నుంచి 5 ఏళ్లు. తీవ్ర గాయమైతే 6 నెలల నుంచి 7 ఏళ్లు. దర్యాప్తు గడువు 30 రోజులు.

● అత్యవసర నంబర్లు: అగ్నిమాపక 101, అంబులెన్స్ 108, ఏకీకృత 112.

తప్పక చూడండి: ఏప్రిల్ 14 జాతీయం, మే 4 అంతర్జాతీయం. జతపరచమని అడిగే అవకాశం ఎక్కువ. ఈ తేదీల వెనుక ప్రాణత్యాగాలున్నాయి. మార్కుల కోసమే కాక, గౌరవంతోనూ గుర్తుంచుకోండి.