ఒంటి చేతి వెబ్ యాప్: మొదట జానెడు నేసి చూడవలెను



మన ఇండ్లలో కంప్యూటరు చదువు చదివిన పిల్లలు పెరుగుచున్నారు. వారిలో ఒక్కరు, వేరొకరి సాయము లేకుండ, సంఘమునకు పనికివచ్చు వెబ్ యాప్ తయారుచేయదలచినచో ఎట్లు ఆరంభించవలెనో ఈ పాఠములో వ్రాయుచున్నాను. వెబ్ యాప్ అనగా ఫోనులోని బ్రౌజరులో తెరచుకొని పనిచేయునది. దానిని ప్రత్యేకముగా ఫోనులోనికి దింపుకొననక్కరలేదు.

మా సంఘము పొరపాటు

మా సంఘము మొదట ఒక కంపెనీకి అడ్వాన్సు ఇచ్చినది. సభ్యుల ఖాతాలు, నూలు నిల్వ, కూలి లెక్క, చీరల దుకాణము, నాలుగు భాషలు — అన్నియు కావలెనని జాబితా వ్రాసి ఇచ్చినవాడను నేనే. ఏడాది గడిచినను యాప్ చేతికి రాలేదు. ఆ సొమ్ము నూలుకు పెట్టియున్నచో కొన్ని మగ్గములైనను ఆగకుండ ఆడెడివి. తప్పు వారిది కొంత, నాది ఎక్కువ.

ఆ రోజులలోనే వాట్సాప్‌లో ఫోటో చూచి ఒకే పట్టుచీరకు ఇద్దరు డబ్బు పంపినారు. ఒకరికి తిరిగి ఇచ్చితిమి. అది పెండ్లి చీర. ఆ ఇంటివారు మరల మా గడప తొక్కలేదు.

తరువాత ఒక సభ్యుని కుమారుడు వచ్చి, “బాబాయిగారూ, వీటన్నిటిలో ఈ వారమే తీరవలసిన ఇబ్బంది ఏది?” అని అడిగినాడు. “ఒకే చీర ఇద్దరికి అమ్ముట” అంటిని. “అయితే అదొక్కటే చేయుదము” అన్నాడు.

ఈ పద్ధతికి పేరు

దీనిని ‘మినిమమ్ వయబుల్ ప్రాడక్ట్’ అందురు. అనగా నిజముగా పనిచేయు అతి చిన్న వస్తువు. ఫ్రాంక్ రాబిన్సన్ 2001లో ఈ మాట వాడినాడు. ఎరిక్ రీస్ 2011లో ప్రకటించిన ‘ది లీన్ స్టార్టప్’ గ్రంథముతో అది లోకమంతట వ్యాపించినది. మనకిది క్రొత్త కాదు. క్రొత్త అంచు పెట్టునప్పుడు జానెడు నేసి చూచి, బాగున్నచో సాగింతుము.

అమెరికాలో 1999లో నిక్ స్విన్‌మర్న్ అనునతడు చెప్పులు, బూట్లు ఇంటర్నెట్‌లో అమ్మదలచినాడు. ముందుగా సరుకు కొనలేదు. ఊరి దుకాణములలోని బూట్లకు ఫోటోలు తీసి పేజీలో పెట్టినాడు. ఆర్డరు వచ్చినప్పుడు ఆ దుకాణముననే కొని పంపినాడు. కాలికి తొడిగి చూడకయే జనులు కొందురా అను ఒక్క ప్రశ్నకు అతనికి జవాబు దొరికినది. అదియే జాపోస్ సంస్థ అయినది. 2009లో అమెజాన్ దానిని కొన్నది. చేతితో తాకి చూడకయే చీర కొందురా అనునది మన ప్రశ్న.

ఆరంభించు విధము

1. మొదట రెండు వారములు కోడు వ్రాయవలదు. చీర నంబరు, ధర, ఎవరికి నిలిపినది — ఇవి ఒక స్ప్రెడ్‌షీటులో చేతితో నడుపవలెను. ఎక్కడ చిక్కు పడుచున్నదో అప్పుడే తెలియును.

2. ఒకే దారి కట్టవలెను. ఫోటో చూచుట, ‘నాకు నిలుపుము’ అని నొక్కుట, ఫోను నంబరు ఇచ్చుట — అంతే. బుట్ట, లాగిన్, కార్డు చెల్లింపు తరువాత. డబ్బు యు.పి.ఐ. ద్వారా సంఘము ఖాతాకు వచ్చును. కార్యదర్శి బ్యాంకు లెక్క చూచి ‘అమ్ముడైనది’ అని గుర్తు వేయును. 24 గంటలలో డబ్బు రానిచో చీర మరల అందరికి కనబడును.

3. మాటలు తక్కువగా ఉండవలెను. సోలాపురమున మన పిల్లలు మరాఠీ చదువుదురు, సేలమున తమిళము, బళ్లారిలో కన్నడము, బరంపురమున ఒడియా. ఫోటో, నంబరు, ధర అందరికి అర్థమగును.

4. తనకు వచ్చిన పనిముట్లనే వాడవలెను. క్రొత్త భాష నేర్చుకొనుటకు ఇది సమయము కాదు. ఇంత చిన్న పనికి ఎస్‌క్యూలైట్ వంటి ఉచిత డేటాబేసు చాలును.

5. డప్పు కొట్టక, పదిమంది పాత ఖాతాదారులకు మాత్రమే ఇవ్వవలెను. వారు వాడుచుండగా ప్రక్కన కూర్చుండి, నోరు మెదపక చూడవలెను.

తగ్గింపరానివి

చీర అంచు సాదాగా ఉండవచ్చును గాని కొలత తగ్గరాదు. ఇద్దరు ఒకే క్షణమున నొక్కినను ఒక్కరికే చీర దక్కవలెను. ‘ఖాళీగా ఉన్నదా’ అని ఒకసారి చూచి, వేరొకసారి గుర్తు వేసినచో నడుమ రెండవవాడు దూరును. ‘ఖాళీగా ఉన్నచోనే గుర్తు వేయుము’ అని డేటాబేసుకు ఒకే ఆజ్ఞ ఇవ్వవలెను. పేజీ చిరునామా హెచ్.టి.టి.పి.ఎస్.తో మొదలు కావలెను. దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితముగా సర్టిఫికెటు ఇచ్చుచున్నది. ప్రతి రాత్రి లెక్కకు నకలు తీసి వేరొక చోట ఉంచవలెను. ఆ నకలు నుండి లెక్క తిరిగి వచ్చునో లేదో ఒకసారి పరీక్షింపవలెను.

మరియొకటి ముఖ్యము. డొమైను పేరు సంఘము పేరుననే కొనవలెను. పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో సంఘము బీరువాలో ఉండవలెను. ఒంటరిగా పనిచేయు కుర్రవాడికి రేపు దూరదేశమున ఉద్యోగము రావచ్చును. అతడు సంతోషముగా వెళ్లవలెను, మన పని ఆగరాదు.

మేము చూచినది

నేను నాలుగు భాషలు అడిగితిని. ఖాతాదారు ఒక్కరును భాష ఊసెత్తలేదు. “చీర వెనుక వైపు చూపండి, కొంగు విప్పి చూపండి” అన్నారు. చేనేత యెరిగినవారు వెనుక వైపునే గదా చూతురు! రంగు తేడాగా ఉన్నదని ఒకరు చీర తిప్పి పంపగా, ఫోటోలు దీపముల క్రింద గాక పగటి వెలుతురున తీయుట ఆరంభించితిమి. ఈ మాటలు నా జాబితాలో ఎక్కడను లేవు. పేజీ చిన్నది గనుక ఆ మార్పులు వెంటనే జరిగినవి. అటుపిమ్మట ఒకే చీర ఇద్దరికి అమ్ముడుపోలేదు.

కావున యువకులారా, పెద్ద జాబితాతో రాకుడు. మీ ఇంటనో, మీ సంఘముననో ఈ వారము తీరవలసిన ఇబ్బంది ఒక్కటి వెదకుడు. జానెడు నేసి చూపుడు. పెద్దలారా, వారికి ఆ జానెడు నేయుటకు అవకాశమిండు.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి