పడవలో ఏది ఎక్కడ?

పడవ చిన్నది. సామాను ఎక్కువ.

వేటకు పోయే ఫైబరు పడవను చూడండి. అందులో వల ఉండాలి. ఐసు పెట్టె ఉండాలి. లంగరు, తాళ్లు, తెడ్లు ఉండాలి. ఇంజనుకు నూనె ఉండాలి. తాగడానికి నీళ్లు, తినడానికి అన్నం ఉండాలి. వీటి మధ్యలో నలుగురైదుగురు మనుషులు ఉండాలి.

సర్దడం అంటే ఖాళీ కనిపించిన చోట కుక్కడం కాదు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలి. సర్దిన తీరు బాగుంటే పడవ నిలకడగా ఉంటుంది. సర్దిన తీరు బాగా లేకపోతే ఒక్క కెరటానికే ఒరిగిపోతుంది.

"ఇది మగవాళ్ల పని కదా, మనకెందుకు?" అని కొందరు అంటారు. వల చిరిగితే కూర్చుని అల్లేది ఎవరు? అన్నం కట్టేది, నీళ్లు నింపేది ఎవరు? తెచ్చిన చేపను బుట్టలో పెట్టుకుని అమ్మేది ఎవరు? పడవ కోసం తెచ్చిన అప్పు ఎవరి నెత్తిన ఉంది? ఒడ్డున నిలబడి ఎదురు చూసేది ఎవరు? ఆడవాళ్లే. కాబట్టి ఈ సంగతి ఆడవాళ్లకూ తెలియాలి.

గిన్నెతో చూద్దాం

ఇది ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక తొట్టిలో నీళ్లు పోయండి. వెడల్పు సత్తు గిన్నె ఒకటి అందులో తేలనివ్వండి. ఇదే మన పడవ.

ఒకటి: నిమ్మకాయంత రాయి తీసుకోండి. గిన్నె మధ్యలో పెట్టండి. గిన్నె నిటారుగా ఉంటుంది.

రెండు: అదే రాయిని ఒక పక్కకు జరపండి. గిన్నె ఆ పక్కకు ఒరుగుతుంది.

మూడు: గిన్నె మధ్యలో ఎత్తయిన గ్లాసు బోర్లించండి. దాని మీద రాయి పెట్టండి. వేలితో గిన్నెను కొంచెం తట్టండి. గిన్నె ఊగుతుంది. రాయి పడిపోతుంది. రాయి అదే, గిన్నె అదే. బరువు పైకి పోయింది, అంతే.

నాలుగు: రాయి, గ్లాసు తీసేయండి. గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు పోయండి. ఒక పక్కకు వంచండి. నీళ్లన్నీ ఆ పక్కకే పోతాయి. గిన్నె ఇంకా ఒరుగుతుంది.

పడవకూ ఇంతే. దీన్నిబట్టి మూడు మాటలు గుర్తు పెట్టుకోవాలి.

బరువు కిందికి ఉండాలి.
బరువు నడుమకు ఉండాలి.
అడుగున నీరు నిలవకూడదు.

బరువు లెక్క

ఒక లీటరు నీళ్లు ఒక కిలో తూగుతాయి. 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు. ఒక పడవ సామాను ఇలా ఉందనుకుందాం.

వల – 120 కిలోలు
ఐసు – 100 కిలోలు
మంచినీళ్లు – 20 కిలోలు
ఇంజను నూనె, డబ్బాలు – 30 కిలోలు
లంగరు, తాళ్లు – 30 కిలోలు
మనుషులు 5 మంది, ఒక్కొక్కరు 60 కిలోలు – 300 కిలోలు

మొత్తం 600 కిలోలు. ఇది పోయేటప్పటి లెక్క. వచ్చేటప్పుడు చేపలు ఉంటాయి. వల తడిసి ఉంటుంది. తడిసిన వల పొడి వల కన్నా బరువు. అందుకని పోయేటప్పుడే పడవను నిండా నింపకూడదు.

ఇంకో సంగతి. ఈ బరువులో సగం మనుషులదే. సామాను కట్టి ఉంచవచ్చు. మనుషులు కదులుతారు. వల లాగేటప్పుడు అందరూ ఒకే పక్కకు చేరితే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. ఇద్దరు లాగుతుంటే మిగిలినవాళ్లు రెండో పక్కన ఉండాలి.

ఏది ఎక్కడ ఉండాలి?

ఐసు పెట్టె: అన్నిటికన్నా బరువైన వాటిలో ఇది ఒకటి. పడవ నడుమ, అడుగున ఉండాలి. కెరటం కొట్టినా జరగకుండా తాడుతో బిగించి కట్టాలి. జరిగే బరువు చాలా చెడ్డది. ఒరిగిన పక్కకే అదీ జారుతుంది.

వల: నడుమనే ఉండాలి. ఎత్తుగా కుప్ప పోయకూడదు. మడత మీద మడతగా పరచాలి. బెండ్ల తాడు ఒక పక్కకు, గుళ్ల తాడు ఇంకో పక్కకు రావాలి. అప్పుడు వల వేసేటప్పుడు చిక్కు పడదు. జారే తాడు మధ్యలో ఎవరూ కాలు పెట్టకూడదు. తాడు కాలికి చుట్టుకుంటే మనిషిని లాక్కుపోతుంది. అందుకే పదునైన కత్తి ఒకటి చేతికి అందే చోట ఉండాలి.

ఇంజను నూనె: ఇంజను వెనక ఉంటుంది కాబట్టి డబ్బా కూడా దాని దగ్గరే ఉంటుంది. మూత గట్టిగా ఉండాలి. డబ్బా నిలబెట్టి కట్టాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు. పడవ అడుగున చేరుతుంది. కంటికి కనిపించదు. ఒక్క నిప్పు రవ్వ చాలు, భగ్గుమంటుంది. డబ్బా దగ్గర బీడీ, పొయ్యి పనికి రావు. అన్నం టిఫిను, నీళ్ల క్యాను దానికి దూరంగా పెట్టాలి.

వెనక భాగంలో ఇప్పటికే ఇంజను బరువు ఉంది. నడిపే మనిషి బరువు ఉంది. ఇంకా బరువు వేస్తే పడవ ముక్కు పైకి లేస్తుంది. అలాగని అన్నీ ముందుకు తోస్తే ముక్కు కెరటంలోకి దూసుకుపోతుంది. ముందూ వెనకా సమంగా ఉండాలి.

లంగరు: ముందు భాగంలో, అడుగున ఉండాలి. దాని కొక్కేలు వలకు తగలకూడదు. తాడును చుట్టగా చుట్టి పక్కనే పెట్టాలి. తాడు కొస పడవకు కట్టి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నీళ్లు తోడే డబ్బా: దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. గిన్నెలో నీళ్లు పోసి చూశాం కదా. అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోడేయాలి. డబ్బాకు తాడు కట్టి, అందే చోట ఉంచాలి.

వల కింద జాకెట్టు

ఒక ఊళ్లో అత్త, కోడలు వల బాగు చేస్తున్నారు. రెండు రోజుల కిందట వాళ్ల పడవ కెరటాలు దాటుతుంటే ఒరిగింది. ఇద్దరు నీళ్లలో పడ్డారు. పడవలో ఉన్నవాళ్లు ఖాళీ క్యానుకు మూత బిగించి, తాడు కట్టి విసిరారు. దాన్ని పట్టుకుని ఇద్దరూ బయటపడ్డారు.

"లైఫ్ జాకెట్లు కొన్నాం కదత్తా. వేసుకోలేదా?" అంది కోడలు.

"మా కాలంలో జాకెట్లేటి, ఈ గోలేటి? మీ మావ తెప్ప మీదే బతికాడు."

"తెప్ప అంటే దుంగలే కదత్తా. నీళ్లు నిండడానికి దానికి కడుపు నేదు. పడవకి కడుపుంది. నిండితే ఏటవుద్ది?"

అత్త సూది ఆపింది. కాసేపు మాట్లాడలేదు.

"ఇంతకీ ఆ జాకెట్లు ఎక్కడున్నాయప్పుడు?" అని అడిగింది.

"వల కింద. తడవకుండా అక్కడ పెట్టారట."

"ఓలమ్మీ! వల కిందున్న జాకెట్టు ఇంట్లో ఉన్నట్టే కదే!"

ఆ సాయంత్రం అత్తే కొడుకును పిలిచింది. "నానా, కెరటాలు దాటిందాకా ఆ జాకెట్టు నీ ఒంటి మీదుండాలి. దాచుకోడానికి కాదు కొన్నది" అంది. పెద్దమ్మ మాట కాబట్టి పడవలో మిగిలినవాళ్లూ కాదనలేదు.

ఈ మాట అందరికీ పనికి వస్తుంది. పడవ ఒరిగేటప్పుడు వెతకడానికి సమయం ఉండదు. లైఫ్ జాకెట్టు ఒంటి మీదే ఉండాలి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కెరటాలు విరిగే చోట తప్పకుండా వేసుకోవాలి. తీసినప్పుడు అన్నిటికన్నా పైన ఉంచాలి. ప్రాణం కాపాడే వస్తువు మీద ఏ వస్తువూ ఉండకూడదు. టార్చిలైటు, ఫోను కూడా అంతే. ఫోనును నీళ్లు పోని ప్లాస్టిక్ సంచిలో కట్టాలి.

జాకెట్టును తలగడ చేసుకోకూడదు. దాని మీద కూర్చోకూడదు. లోపలి మెత్త నలిగిపోతే అది మనిషిని సరిగా తేల్చదు.

ఇంట్లో ఒక కాగితం

పడవ కదిలే ముందు ఇంట్లో ఒక కాగితం రాసి ఉంచాలి. రాయడం నేర్చుకున్నది ఇలాంటి వాటికే. అందులో ఇవి రాయాలి.

పడవ నంబరు.
పడవ రంగు.
ఎంతమంది పోయారు, వాళ్ల పేర్లు.
ఏ రోజు, ఎన్ని గంటలకు పోయారు.
ఏ దిక్కుకు పోయారు.
ఎప్పటికి వస్తామన్నారు.

సముద్రంలో దూరం పోతే ఫోను అందదు. చెప్పిన వేళకు పడవ రాకపోతే ఒడ్డున ఉన్నవాళ్లే కబురు చెయ్యాలి. సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డు నంబరు 1554. అక్కడివాళ్లు ముందు ఈ ప్రశ్నలే అడుగుతారు. కాగితం చేతిలో ఉంటే గబగబా చెప్పవచ్చు. ఏడుస్తూ గుర్తు తెచ్చుకోవలసిన పని ఉండదు.

గుర్తింపు కార్డు, పడవ రిజిస్ట్రేషన్ కాగితం పడవలో తడవని సంచిలో ఉండాలి. వాటి జిరాక్సు కాపీలు ఇంట్లో ఉండాలి.

వేట లేని రోజుల్లో

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. మొత్తం 61 రోజులు. అప్పుడు సామాను ఒడ్డుకు వస్తుంది. వలను మంచినీళ్లతో కడగాలి. నీడలో ఆరబెట్టాలి. నైలాను వల ఎండకు పెళుసు బారుతుంది. నేల మీద పడేస్తే ఎలుకలు కొరుకుతాయి. ఎత్తుగా వేలాడదీయాలి. తాళ్లు, జాకెట్ల పట్టీలు లాగి చూడాలి. చివికినవి మార్చాలి.

వలకు కట్టే సీసం గుళ్లు విషం. పిల్లల నోటికి అందనివ్వకూడదు. వంట గిన్నెల్లో సీసం కరిగించకూడదు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కూడా పడవను ఖాళీ చెయ్యాలి. ఇంజను విప్పి, వల తీసి ఇంటికి చేర్చాలి. పడవను మెరక మీదికి లాగి కట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు ఎన్నో పడవలు, వలలు పాడయ్యాయి. హెచ్చరిక వినగానే పని మొదలుపెడితే సామానూ దక్కుతుంది, మనమూ సమయానికి మెరక చేరుకోవచ్చు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి పడవల్లో లైఫ్ జాకెట్లు ఎక్కడ పెడుతున్నారు?
2. ఐసు పెట్టెను ఎందుకు కట్టాలి?
3. బరువు లెక్కలో 5 మందికి బదులు 7 మంది ఎక్కితే మొత్తం ఎన్ని కిలోలు?

రాయండి

మీ పడవలో ఉండవలసిన వస్తువుల పట్టీ రాయండి. మొదట ప్రాణం కాపాడేవి రాయండి. తరువాత మిగిలినవి రాయండి. ఆ పట్టీని గోడకు అంటించండి. పడవ పోయే ప్రతిసారీ ఒకరు చదవాలి, ఒకరు వస్తువు చూపించాలి. చూపించలేని వస్తువు పడవలో లేనట్టే.